చక్రాల ఇంటికి రబ్బరు కప్పు

అమెరికాలో రిక్రియేషనల్ వెహికల్, క్లుప్తంగా ఆర్‌వీ అనే బండ్లు ఉంటాయి. మంచం, పొయ్యి, స్నానాల గది అన్నీ ఉన్న చక్రాల ఇల్లు అనుకోండి. చాలా బండ్లకు పైన చెక్క పలకలు పరచి, వాటిమీద పల్చని రబ్బరు షీటు అంటిస్తారు.

టెక్సాస్‌లో ఉంటున్న నా పాత విద్యార్థి ఒకడు అలాంటి పాత బండి కొన్నాడు. మొదటి వానకే మంచం పైన కప్పులో గోధుమరంగు మరక కనిపించింది. "మాస్టారూ, రబ్బరు పాడైనట్టుంది" అని ఫోన్ చేశాడు.

మామూలు రబ్బరు బ్యాండును ఎండలో వదిలేస్తే కొన్నాళ్లకు పగుళ్లు వస్తాయి. సహజ రబ్బరు శృంఖలలో ద్విబంధాలు ఉంటాయి. గాలిలోని ఓజోన్ సరిగ్గా అక్కడే తెంచుతుంది. ఈ కప్పుల మీది రబ్బరు సాధారణంగా ఈపీడీఎం. ఇథిలీన్, ప్రొపిలీన్, కొద్దిగా డైయీన్ కలిపి చేస్తారు. 1963లో నోబెల్ బహుమతి అందుకున్న జీగ్లర్, నట్టాల ఉత్ప్రేరకాల వల్లే ఇది సాధ్యమైంది. దీని ప్రధాన శృంఖలలో ద్విబంధాలు ఉండవు. డైయీన్ తెచ్చిన కొద్దిపాటి ద్విబంధాలు పక్కకు వేలాడుతుంటాయి. వల్కనీకరణానికి అవి చాలు. వాటిని ఓజోన్ తాకినా వెన్నెముక విరగదు. తెల్లని పైపొర ఏళ్ల తరబడి సుద్దపొడిలా రాలుతుంది గానీ, అంతమాత్రాన కప్పు పోయినట్టు కాదు.

మరి నీరు ఎక్కడినుంచి వచ్చింది? గాలిగొట్టాలు, యాంటెన్నా, అంచులు ఉన్నచోట రబ్బరుకు కోత పెట్టక తప్పదు. ఆ సందుల్లో పూసిన సీలెంట్ ఎండి, పగిలి, లేచిపోతుంది. పైగా నీరు చెక్క వెంట పాకి, దూరిన చోట కాక ఇంకెక్కడో కారుతుంది. మరకకు నేరుగా పైన వెతికితే దొరక్కపోవచ్చు.

మా వాడు తొందరపడి తారుతో చేసిన సిమెంటు పూశాడు. కొద్దిరోజులకు అక్కడ రబ్బరు ఉబ్బి, ముడతలు పడింది. ఏం పూస్తున్నావని నేనూ అడగలేదు. ఈపీడీఎం అధ్రువ పదార్థం, పెట్రోలియం నూనెలూ అంతే. సజాతీయాలు కలుస్తాయన్న సూత్రం మీరు చదివారు కదా. శృంఖలల మధ్య అడ్డబంధాలు ఉండటంవల్ల రబ్బరు కరగదు, నూనె పీల్చుకుని ఉబ్బుతుంది. ఈ కప్పును పెట్రోలు, కిరోసిన్‌లతో తుడవకూడదనేదీ ఇందుకే.

చిన్న చిరుగైతే సైకిల్ ట్యూబుకు ప్యాచీ వేసినట్టే. శుభ్రంగా కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, ఈపీడీఎంకు పనికొచ్చే టేపు అంటించి గట్టిగా రుద్దాలి. అడుగున తేమ ఉంటే మాత్రం ఎంత మంచి టేపైనా దానిని లోపల బంధిస్తుందే తప్ప బాగుచేయదు.

ప్యాచీ వేయాలా, కప్పే మార్చాలా అన్నది చెక్క చెబుతుంది. నిచ్చెన మీద నిలబడి చేత్తో నొక్కి చూడమన్నాను. రెండుచోట్ల మెత్తగా దిగబడింది. పైకి ఎక్కి ఉంటే కాలు లోపలికి దిగేది! ఇక మార్చక తప్పలేదు. గాలిగొట్టాల మూతలు, అంచుపట్టీలు విప్పాడు, పాత షీటు లాగేశాడు, కుళ్లిన పలకలు కోసి కొత్తవి బిగించాడు. షీటును సగం మడిచి జిగురు రాస్తూ, నడుమనుంచి అంచులకు గాలిబుడగలు తోశాడు. చివరగా ప్రతి సందులోనూ కొత్త సీలెంట్ పోశాడు. ఇప్పుడు ఏటా వానలకు ముందు నిచ్చెన వేసుకుని ఆ సందులే చూస్తున్నాడు.