బ్యాంకు లెక్క - మన లెక్క

(ఉపకార వేతనాల పంపిణీ సభలో విద్యార్థులను, తల్లిదండ్రులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు ఇక్కడ ఉన్న పిల్లల్లో కొందరికి సొంత పేరుతో బ్యాంకు ఖాతా ఉండటం ఇదే మొదటిసారి. ఇంతవరకు అమ్మానాన్నలు చూసుకున్న లెక్క ఇక మీ చేతికి వచ్చింది. బెంగళూరులో చదివే అబ్బాయికి బరంపురం నుంచి డబ్బు రావచ్చు. పుణేలో చదివే అమ్మాయికి సోలాపూరు నుంచి రావచ్చు. వచ్చింది ఎంత, పోయింది ఎంత, ఎందుకు పోయింది అన్నది ఇంట్లో ఒకచోట కూర్చుని మాట్లాడుకునే వీలు ఉండదు. అందుకే కంప్యూటరులో మన లెక్క రాసుకోవడం, దాన్ని నెలనెలా బ్యాంకు స్టేట్‌మెంటుతో సరిచూసుకోవడం గురించి నాలుగు మాటలు చెబుతాను.

ఇది కొత్త విద్య కాదు. మన వ్యాపారస్తులు చిట్టా, ఆవర్జా రాసి సరిచూసుకున్న విద్యే. ఇటలీకి చెందిన లూకా పాచియోలి 1494లో అచ్చయిన తన గణిత గ్రంథంలో జంటపద్దు విధానాన్ని వివరించాడు. పీయూసీలోనో, ప్లస్ టూలోనో కామర్సు తీసుకున్నవారు ఈ సరిచూడటం గురించి పాఠం చదివే ఉంటారు. తెలుగు పాఠ్యపుస్తకాల్లో దాని పేరు ‘బ్యాంకు నిల్వల సమన్వయ పట్టిక’. కంప్యూటరులో కనిపించే ‘రీకన్సైల్’ అనే మాటకు అర్థం ఇదే.

రెండు లెక్కలు ఎందుకు?

బ్యాంకే లెక్క రాస్తోంది కదా, మనం మళ్లీ రాయడం ఎందుకని అడగవచ్చు. బ్యాంకు రాసేది బ్యాంకుకు తెలిసిన లెక్క. మీరు నిన్న రాసిచ్చిన చెక్కు దానికి తెలియదు. ఏ పద్దు మీ అనుమతితో జరిగిందో, ఏది జరగలేదో కూడా దానికి తెలియదు. ఆ సంగతి చెప్పగలిగేది మీరు రాసుకున్న లెక్క ఒక్కటే. ఇద్దరు వేర్వేరుగా రాసినప్పుడే ఒకరి తప్పు రెండోవారి లెక్కలో బయటపడుతుంది.

ఇందుకు డబ్బు పెట్టి సాఫ్ట్‌వేరు కొననక్కరలేదు. గ్నూక్యాష్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు ఉంది. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ పనిచేస్తుంది. ఖాతాల పేర్లు ‘హాస్టలు’, ‘పుస్తకాలు’, ‘బస్సు చార్జీలు’ అని తెలుగులోనే పెట్టుకోవచ్చు. కన్నడం, తమిళం, ఒడియా, మరాఠీ ఏది అలవాటైతే దానిలోనూ రాసుకోవచ్చు. లెక్కల ఫైలు మీ కంప్యూటరులోనే ఉంటుంది. దానికి ఒక నకలు వేరేచోట దాచుకోండి. నెట్ బ్యాంకింగ్ పాస్‌వర్డు దీనికి ఇవ్వవలసిన అవసరమే లేదు.

మొదటిసారి ఒక గందరగోళం వస్తుంది. బ్యాంకు స్టేట్‌మెంటులో డబ్బు వస్తే ‘క్రెడిట్’ అని ఉంటుంది. కామర్సు పుస్తకంలో మాత్రం మన బ్యాంకు ఖాతాలోకి వచ్చినదాన్ని ‘డెబిట్’ రాయమంటారు. రెండూ సరైనవే. మీరు దాచిన డబ్బు మీకు ఆస్తి, బ్యాంకుకు అది మీకు తీర్చవలసిన బాకీ. అదే రూపాయిని ఎవరి వైపు నుంచి వారు రాస్తున్నారు.

ఒక నెల లెక్క చూద్దాం

ఒక విద్యార్థిని ఉందనుకుందాం. జూన్ 30న ఆమె సాఫ్ట్‌వేరు నిల్వ 11,450 రూపాయలు చూపుతోంది. బ్యాంకు స్టేట్‌మెంటులో 12,405.30 ఉంది. తేడా 955.30. బ్యాంకులో ఎక్కువే ఉంది కదా అని సంతోషించి ఊరుకుంటే ప్రమాదం. ఆ తేడాలో ఏమేమి ఉన్నాయో చూడండి.

1. జూన్ 28న హాస్టలుకు 1,500 రూపాయల చెక్కు రాసింది. హాస్టలువారు ఇంకా బ్యాంకులో వేయలేదు.
2. బ్యాంకు 62 రూపాయల వడ్డీ జమ చేసింది. ఈమె రాసుకోలేదు.
3. ఎస్ఎంఎస్ చార్జీ కింద 17.70 బ్యాంకు తీసుకుంది. ఇదీ రాసుకోలేదు.
4. పుస్తకాలకు 540 చెల్లించి, సాఫ్ట్‌వేరులో 450 అని కొట్టింది.
5. 499 రూపాయలు ఒక కంపెనీ పేరు మీద పోయాయి. అదేమిటో ఆమెకు గుర్తులేదు.

ఇప్పుడు గ్నూక్యాష్‌లో ఆ బ్యాంకు ఖాతా తెరిచి, ‘యాక్షన్స్’ మెనూలో ‘రీకన్సైల్’ నొక్కాలి. స్టేట్‌మెంటు తేదీ, దానిలోని ముగింపు నిల్వ 12,405.30 ఇవ్వాలి. ఒక కిటికీ తెరుచుకుంటుంది. అందులో ఎడమవైపు వచ్చిన డబ్బు, కుడివైపు పోయిన డబ్బు ఉంటాయి. స్టేట్‌మెంటు పక్కన పెట్టుకుని, రెండింటిలోనూ ఉన్న పద్దుకు ఒక్కొక్కదానికి టిక్కు పెడుతూ పోవాలి. వడ్డీ, ఎస్ఎంఎస్ చార్జీ, ఆ 499 కొత్త పద్దులుగా రాయాలి. 450ని 540గా దిద్దాలి. హాస్టలు చెక్కుకు మాత్రం టిక్కు పెట్టకూడదు. అది తప్పు కాదు, ఇంకా దారిలో ఉన్న డబ్బు.

అప్పుడు కింద కనిపించే తేడా సున్నా అవుతుంది. ఆమె లెక్క ప్రకారం నిల్వ 10,905.30. బ్యాంకు చూపే 12,405.30 నుంచి రావలసిన చెక్కు 1,500 తీసివేసినా అంతే. ఆమె నిజంగా ఖర్చు పెట్టుకోగల డబ్బు అది. 12,405 ఉందని నమ్మి ఖర్చు చేస్తే, ఆ చెక్కు వచ్చిన రోజున ఖాతాలో డబ్బు చాలక తిరిగి పోవచ్చు. అప్పుడు జరిమానా, మాట రెండూ పడాలి.

తేడా ఎంతకూ తెగకపోతే రెండు పాత చిట్కాలు పనికొస్తాయి. మిగిలిన తేడా 9తో భాగించబడితే పక్కపక్క అంకెలు తారుమారై ఉండవచ్చు. పైన 540కి 450 రాస్తే వచ్చిన తేడా 90. తేడాలో సగం విలువ గల పద్దు ఏదైనా ఉంటే, దాన్ని రావలసినవైపు బదులు పోవలసినవైపు రాశారేమో చూడండి.

బలవంతపు సున్నా వద్దు

కొన్ని సాఫ్ట్‌వేర్లలో మిగిలిన తేడాను ఒక పద్దుగా వేసి సున్నా చేసే సౌకర్యం ఉంటుంది. దాని జోలికి పోకండి. మన ఉదాహరణలో 499 రూపాయలను ‘ఇతర ఖర్చులు’ అని వేసేస్తే ఆ నెల లెక్క కుదురుతుంది. కాని అది ఒక నెల ఉచితమని చేరి మరచిపోయిన చందా అయితే, వచ్చే నెలా 499 పోతుంది, ఆ పై నెలా పోతుంది. ఆ పద్దు ఏమిటో తెలిసేదాకా ‘సందేహం’ అనే పేరుతో విడిగా ఉంచి, బ్యాంకును అడగండి.

మొత్తాలు కలిసినంత మాత్రాన లెక్క సరైనదనీ కాదు. 300 ఖర్చు ఒకటి రాయడం మరచి, మరో 300 ఖర్చును రెండుసార్లు రాస్తే మొత్తం చక్కగా కుదురుతుంది. అందుకే చూడవలసింది పద్దు పద్దునూ.

స్టేట్‌మెంటు ఫైలును బ్యాంకు నుంచి తెచ్చి నేరుగా సాఫ్ట్‌వేరులోకి ఎక్కించుకోవచ్చు. శ్రమ తగ్గుతుంది. కాని ఖర్చు చేసిన రోజున మీరేమీ రాసుకోకుండా, ఫైలులో వచ్చినదాన్నంతా ఒప్పుకుంటూ పోతే, మీరు బ్యాంకు లెక్కను బ్యాంకు లెక్కతోనే సరిచూస్తున్నట్టు. తేడా ఎప్పుడూ సున్నాయే వస్తుంది, తప్పు ఎప్పటికీ దొరకదు.

స్కాలర్‌షిప్పు డబ్బు రాలేదంటే

మంజూరైందని కబురు రాగానే బ్యాంకు ఖాతాలో జమ రాయకండి. ‘రావలసిన స్కాలర్‌షిప్పు’ అని వేరే ఖాతా పెట్టి అందులో రాయండి. డబ్బు నిజంగా వచ్చినరోజు బ్యాంకు ఖాతాలోకి మార్చండి. నెలలు గడిచినా ఆ పద్దు అక్కడే ఉంటే విచారించాలని అర్థం. ప్రభుత్వ స్కాలర్‌షిప్పుల్లో ఆధార్ ఆధారంగా జరిగే చెల్లింపులు ఆధార్‌తో అనుసంధానమైన ఖాతాకు వెళతాయి. దరఖాస్తులో రాసిన ఖాతా అదే కాకపోవచ్చు. ఊళ్లో ఒక ఖాతా, కాలేజీ ఉన్న నగరంలో మరో ఖాతా ఉన్న పిల్లలు రెండింటినీ సరిచూసుకుంటే ఆ డబ్బు ఎక్కడుందో తెలుస్తుంది.

ఆలస్యానికి ఖరీదు ఉంది

మోసం జరిగినప్పుడు రోజులు లెక్కకొస్తాయి. ఖాతాదారు తప్పుగాని, బ్యాంకు తప్పుగాని లేకుండా మూడోవారి వల్ల ఎలక్ట్రానిక్ లావాదేవీలో డబ్బు పోతే, బ్యాంకు నుంచి సమాచారం అందిన 3 పనిదినాలలోపు తెలియజేసినవారికి నష్టం ఉండరాదని రిజర్వు బ్యాంకు 2017 జూలై 6న ఆదేశించింది. 4 నుంచి 7 పనిదినాలైతే ఖాతాదారు భరించే మొత్తానికి పరిమితి పెట్టింది. ఆపైన బ్యాంకు విధానాన్ని బట్టి అన్నది. ఓటీపీ మనమే చెప్పి పోగొట్టుకుంటే, ఫిర్యాదు చేసేవరకు జరిగిన నష్టం మనదే. ఏటీఎంలో నోట్లు రాకుండా ఖాతాలో తగ్గితే 5 రోజుల్లో తిరిగి జమ కావాలనీ, ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల చొప్పున ఇవ్వాలనీ 2019 సెప్టెంబరు 20న నిర్దేశించింది. ఇలాంటి నిబంధనలు మారుతుంటాయి కనుక ప్రస్తుత నియమం మీ శాఖలో అడిగి తెలుసుకోండి.

ఇందులో గ్రహించవలసింది ఏమిటంటే, నెలాఖరుదాకా ఆగితే గడువు దాటిపోవచ్చు. ఎస్ఎంఎస్ వచ్చిన రోజే చూసి రాసుకోవాలి, వారానికొకసారి స్టేట్‌మెంటుతో కలపాలి, నెలకొకసారి పూర్తిగా సరిచూడాలి. మోసమని తెలిస్తే వెంటనే బ్యాంకుకూ, 1930 నంబరుకూ ఫోను చేయండి. ఫిర్యాదుకు బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉన్నారు. అక్కడ మీ తేదీలు, పద్దులు సరిగ్గా ఉంటే మీ మాటకు బలం.

తల్లిదండ్రులకు ఒక మనవి. పిల్లల లెక్కలో తేడా వస్తే మొదట కోప్పడకండి. తిడతారన్న భయం ఉన్న పిల్లలు తేడాను ‘ఇతర ఖర్చుల్లో’ దాచడం నేర్చుకుంటారు. మోసపోయినప్పుడు చెప్పవలసిన ఆ మూడు రోజులూ మౌనంగా ఉండిపోతారు. పక్కన కూర్చుని, ఈ పద్దు ఏమిటమ్మా, ఏమిటి నాన్నా అని అడగండి చాలు.

కంప్యూటరు లేనివారు దిగులుపడనక్కరలేదు. నలభై పేజీల నోటు పుస్తకంలో తేదీ, వివరం, వచ్చింది, పోయింది, నిల్వ, టిక్కు అని ఆరు గళ్లు గీసుకుంటే ఇదే పద్ధతి నడుస్తుంది. ఈ నెల స్టేట్‌మెంటుతోనే మొదలుపెట్టండి.