పుట్టిన బిడ్డకు ఆపరేషను: ఆ ముందు గంటలు
(సంఘ సభలో ఒక విశ్రాంత స్టాఫ్ నర్సు చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి మాట్లాడుకునే సభలో పురిటిబిడ్డల ప్రస్తావన ఎందుకండీ అని కార్యదర్శిగారిని అడిగాను. "మనమంతా తాతలం, మామ్మలమే కదమ్మా" అన్నారు. నిజమే. కాన్పు గది బయట కాచుకుని కూర్చునేది మనమే.

1984లో దివిసీమలో పనిచేస్తున్నాను. నాగాయలంక వైపునుంచి వచ్చిన ఒక అమ్మాయికి మగబిడ్డ పుట్టాడు. బరువు బాగుంది, ఏడుపు బాగుంది. గంట గడిచేసరికి నోట్లో నురగ. తుడిస్తే మళ్ళీ నురగ. నాయనమ్మ ఆనవాయితీ ప్రకారం తేనె నాకించింది. బిడ్డ ఉక్కిరిబిక్కిరై నీలంగా మారాడు. అన్నవాహిక మధ్యలో మూసుకుపోయి పుట్టిన బిడ్డ. అలాంటి బిడ్డకు ఉమ్మి కూడా కడుపులోకి దిగదు, పొంగి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఆ నురగ అర్థం నాకు అప్పుడు తెలియలేదు. పాత చీరముక్కలో చుట్టి బస్సులో విజయవాడ పంపాం. చేరేసరికి ఒళ్ళు చల్లబడిపోయిందట. ఆపరేషను దాకా రాలేదు.

కొన్నాళ్ళకు ఆ నాయనమ్మ కనపడి, "నా తేనెవల్లే పోయాడా అమ్మా?" అని అడిగింది. "కాదు పెద్దమ్మా, నురగ చూసి నేను చెప్పవలసింది" అన్నాను.

ఆ ఆపరేషనును 1941లోనే అమెరికాలో కామెరాన్ హైట్ అనే డాక్టరుగారు విజయవంతంగా చేశారు. అంటే మా బిడ్డనాటికి నలభై ఏళ్ళ పాతది. మా దగ్గర లేనిది, బిడ్డను ఆ బల్ల దాకా క్షేమంగా చేర్చే నర్సింగు.

తరవాత నేర్చుకున్నాను. నోట్లోంచి వేసిన సన్నని గొట్టం కడుపులోకి దిగకపోతే చుక్క పాలు కూడా పట్టకూడదు. తల ఎత్తుగా ఉంచి, ఉమ్మిని మాటిమాటికీ పీల్చి తీస్తూ ఉండాలి. ఒంటి వేడి 36.5 డిగ్రీల సెంటీగ్రేడుకు తగ్గకూడదు. పేగులు బయటికి వచ్చి పుడితే సెలైనులో తడిపిన శుభ్రమైన గుడ్డ కప్పి, దానిమీద ప్లాస్టిక్ షీటు చుట్టాలి. ఉత్త తడిగుడ్డ బిడ్డను చల్లబరుస్తుంది. వెన్నుమీద తిత్తి ఉంటే బోర్లా పడుకోబెట్టాలి. మలద్వారం ఉందో లేదో పుట్టగానే చూడాలి. రెండోరోజు పొట్ట ఉబ్బాక చూసి హడావుడి పడిన సందర్భాలు నేనెరుగుదును. ఈ ఒక్క మాట మీరు సిగ్గుపడకుండా నర్సును అడగండి.

గ్రహణం మొర్రి సంగతి కూడా చెప్పాలి. గ్రహణంనాడు కత్తిపీట పట్టుకుందని కోడల్ని ఇంకా ఆడిపోసుకునే ఇళ్ళున్నాయి. ఆ మొర్రికీ గ్రహణానికీ ఏ సంబంధమూ లేదు.

ఆపరేషను అయ్యాక నొప్పి సంగతి. పసిగుడ్డుకు నొప్పి తెలియదని ఒకప్పుడు డాక్టర్లే అనుకునేవారు. 1987లో ఆనంద్ గారనే మన భారతీయ డాక్టరు, మరొకరితో కలిసి, అది తప్పని రాశారు. ముఖం ముడత, పిడికిలి బిగింపు, ఏడుపు తీరు చూసి నర్సు కనిపెట్టాలి. తల్లి పాలు పిండి దాచాలి, బిడ్డ తాగేనాటికి పాలు ఇంకిపోకూడదు. బిడ్డ గుంటూరులో, బాలింత గుడివాడలో ఉంటే ఇది ఎంత కష్టమో! వీలైతే తల్లినీ వెంట పంపండి. పొట్టమీద మలమార్గం పెట్టిన బిడ్డను దాచిపెట్టకండి. దాని చుట్టూ చర్మం పొడిగా ఉంచితే చాలు, చాలామందికి తరవాత మూసేస్తారు.

2005లో 108 వచ్చింది, 2007లో ఆరోగ్యశ్రీ మొదలైంది. మన బందరుకు 2023లో మెడికల్ కాలేజీ వచ్చింది.

2009లో గుడివాడ ప్రాంతంలో ఉండగా మళ్ళీ అదే నురగ చూశాను, ఆడపిల్ల. మామ్మగారి చేతిలో తేనె సీసా. "ఆగండి మామ్మగారూ" అన్నాను. గొట్టం వేసి చూశాం, దిగలేదు. అమ్మమ్మ రొమ్ముకు ఆనించుకుని, పైన దుప్పటి కప్పుకుని 108లో కూర్చుంది. నేనూ పక్కనే ఉమ్మి తీస్తూ వెళ్ళాను. ఆ పిల్ల ఇప్పుడు ఇంటర్మీడియెట్ చదువుతోంది. కుట్టినచోట కాస్త ఇరుకు ఉండిపోయింది కాబట్టి, ముద్ద బాగా నమిలి మింగమని వాళ్ళమ్మ ఇప్పటికీ కసురుతూనే ఉంటుంది.