విమానం వచ్చింది, నేనే రాలేదు

మాది జగిత్యాల దగ్గర పల్లె. కౌలాలంపూర్‌లో మస్జిద్ ఇండియా వెనక హోటల్లో గిన్నెలు కడిగేవాణ్ణి. 2020 మార్చి 18న లాక్‌డౌన్ పెట్టిండ్రు, హోటల్ బంద్. నా పర్మిట్ అప్పటికే అయిపోయింది. పాస్‌పోర్టు ఓనర్ దగ్గర.

పరీక్షకు వస్తే కాగితాల్లేనోళ్లను పట్టుకోమని ముందు సర్కారే చెప్పింది. మే 1న, మేడే నాడే, ఇమిగ్రేషన్ వాళ్లు మా వీధుల్లో దిగి వందల మందిని పట్టుకపోయిండ్రు, చంటిపిల్లలతో సహా. మేం ఆరుగురం లైటు ఆర్పి కూర్చున్నం. కుక్కర్ విజిల్ వినపడుతదని వంట కూడా చేయలే. ఒకనికి దగ్గు. ఆస్పత్రి పేరు ఎవరూ ఎత్తలే.

వారంలోపే వందే భారత్ విమానాలు మొదలైనయ్. "మనోళ్లు విమానం పంపిండ్రట, ఎక్కిరా బిడ్డా" అని అమ్మ ఫోన్. టికెట్ పైసలు మనమే కట్టాలె, అప్పన్నా చేయొచ్చు. కానీ గడువు దాటినోళ్లు జరిమానా కట్టి పాస్ తీసుకుంటేనే దేశం దాటనిస్తరు. ఆ పాస్ ఇచ్చేది ఎవరు? మేం ఎవరికి భయపడి దాక్కున్నమో వాళ్లే. అమ్మకు ఇదెట్ల చెప్పాలె? "సీట్లు దొరకట్లేదమ్మా" అన్న.

ఆ ఏడాది చివర్ల జరిమానా కట్టి వెళ్లిపోయే స్కీము పెట్టిండ్రు. అట్ల వచ్చిన. గడపల నిలబడి అమ్మ అడిగింది, "ఇన్ని నెలలకు దొరికిందా సీటు?"

దొరికిందమ్మా అన్న.