పేరు ఆమెది, ఫోను ఎవరిది?



ఇంట్లోకి యంత్రం వస్తే ఆడవాళ్ళ చాకిరీ తగ్గుతుందని అందరూ అనుకుంటారు. అమెరికన్ చరిత్రకారిణి రూత్ ష్వార్ట్జ్ కోవాన్ 1983లో వచ్చిన తన పుస్తకంలో ఈ నమ్మకాన్నే ప్రశ్నించారు. అక్కడ 19వ శతాబ్దంలో ఇనప పొయ్యిలు వచ్చాక తగ్గింది మగవాళ్ళు కట్టెలు కొట్టే పని. వంటపని మాత్రం ఆడవాళ్ళ మీదే ఉండిపోయింది.

మన పల్లెల్లో కట్టెలు ఏరుకొచ్చేదీ, పొగ పీల్చేదీ ఎక్కువగా ఆడవాళ్ళే. కాబట్టి గ్యాసు మనకు నిజమైన ఊరట. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో వచ్చిన దీపం పథకంలోనూ, 2016 నాటి ఉజ్వలలోనూ కనెక్షన్లు ఆడవాళ్ళకే ఇచ్చారు. అది చిన్న విషయం కాదు.

కానీ పుస్తకం మీద పేరు ఆమెది, నమోదైన ఫోను చాలా ఇళ్ళలో భర్తది. బండ తెచ్చిన మనిషి వాకిట్లో నిలబడి ఫోనుకొచ్చిన నంబరు చెప్పమంటాడు. ఆ ఫోనేమో పొలంలోనో పట్నంలోనో ఆయన జేబులో ఉంటుంది. బండ వెనక్కి పోతే ఆ పూట మళ్ళీ కట్టెల పొయ్యే.

2024లో కేంద్ర ప్రభుత్వం జరిపిన కాలవినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపని చేసే స్త్రీలు దానికి రోజుకు 289 నిమిషాలు వెచ్చిస్తున్నారు. ఆ పని చేసే పురుషులు వెచ్చించేది 88 నిమిషాలు. పొయ్యి మారింది కానీ పని పంపకం మారలేదు.

అందుకే మనం ఊళ్ళకు వెళ్ళినప్పుడు "గ్యాసు ఉందా?" అని అడిగి ఊరుకోవద్దు. నమోదైన ఫోను ఎవరిది? బండకు డబ్బు ఎవరి చేతిలో ఉంది? ఆమెకు జ్వరమొస్తే ఆ పొయ్యి ఎవరు వెలిగిస్తారు? ఇవి కూడా అడుగుదాం.