చెట్టెక్కు కార్మికుని రక్షణ – పంచాయతీల బాధ్యత

(పిడుగురాళ్లలో గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



పంచాయతీ చేయించు పనులలో చెట్ల కొమ్మలు కొట్టించుట చాల చిన్న పనిగా కానవచ్చును. కాని అది ఏటేటా తప్పని పని. పత్తి బోరేలతోను, మిర్చి టిక్కీలతోను నిండిన లారీలు మన ఊళ్ల నుండి అద్దంకి–నార్కట్‌పల్లి రహదారికి చేరవలెనన్నచో, బాటల మీదికి వంగిన వేప, చింత, తుమ్మ కొమ్మలను తొలగింపవలెను. బడి కప్పుల మీద, విద్యుత్తు తీగల మీద వాలిన కొమ్మల సంగతియు ఇంతియే. తుపాను వచ్చినచో ఈ పని ఒక్కసారిగా పదింతలగును. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల చెంత తీరము దాటినప్పుడు ఆ ప్రాంతమున బాటలకు అడ్డముగా చెట్లు కూలినవి. అట్టి సమయములో అందరును తొందరపడుదురు. ఆ తొందర భారమంతయు చెట్టెక్కిన మనిషి మీద పడును.

ఆ మనిషి క్షేమమును గూర్చియే నేడు మీతో కొంత ముచ్చటింపదలచినాము. అతని తండ్రి గొడ్డలితో చేసిన పనిని అతడు మోటారు రంపముతో చేయుచున్నాడు. జనులు దీనిని కటింగ్ మిషను అనుచున్నారు. దాదాపు వంద సంవత్సరముల క్రిందట జర్మనీ మొదలగు దేశములలో ఇట్టి రంపములు తయారైనప్పుడు అవి మిక్కిలి బరువైనవి. ఇద్దరు మనుష్యులు నేల మీద నిలిచి పట్టవలసి యుండెను. వాటిని చెట్టు మీదికి తీసుకొనిపోవలెనను ఊహయే లేకుండెను. క్రమముగా యంత్రము తేలికపడి, ఒక్కడే మోయగలిగినదైనది; చెట్టు మీదికిని చేరినది. పని సులువైనది. కాని ప్రమాదము తగ్గలేదు. దాని తీరు మారినది.

ఎట్లు మారినదో చూడుడు. గొడ్డలి పట్టినవాడు ఒక చేత కొమ్మను పట్టుకొని, రెండవ చేత నరుకును. తరతరములుగా వచ్చిన అలవాటది. గొడ్డలికి ఆ అలవాటు ప్రాణరక్షణ. మోటారు రంపమునకు అదే అలవాటు ప్రాణాపాయము. ఈ యంత్రమునకు రెండు చేతులును కావలెను. దీని గొలుసు సెకనుకు సుమారు 20 మీటర్ల వేగముతో తిరుగును. అనగా రహదారి మీద పరుగెత్తు లారీ వేగమన్నమాట. రంపపు కొన పైభాగము పొరపాటున మరొక కొమ్మకు తగిలినచో, యంత్రము మొత్తము పట్టినవాని ముఖము మీదికి ఎగదన్నును. ఆ తన్ను రెప్పపాటులో జరిగిపోవును; తప్పుకొనుటకు వ్యవధి యుండదు. రెండు చేతులతో, బొటనవ్రేళ్లు పిడి చుట్టును తిరుగునట్లు బిగించి పట్టినవాడు దానిని చాలవరకు ఆపగలడు. ముందు పిడి దగ్గరనున్న బ్రేకు కూడ అప్పుడే చక్కగా ఉపయోగపడును. ఒంటిచేత పట్టినవానికి ఈ రెండు రక్షణలును పోవును.

రెండు చేతులును యంత్రమునకే ఇచ్చినచో, చెట్టును పట్టుకొనునది ఏది? దీనికి సమాధానము మన గీత కార్మికుల వృత్తిలోనే ఉన్నది. మోకు అతని నడుమును, తాటిచెట్టును కలిపి పట్టును. అందుచేతనే అతని చేతులు గీతకత్తికిని, కుండకును దక్కుచున్నవి. అయినను గీత కార్మికులు పడిపోవుట జరుగుచునే యున్నందున, తెలంగాణ ప్రభుత్వము 2024 జూలై 14న రంగారెడ్డి జిల్లా లష్కర్‌గూడలో కాటమయ్య రక్షణ కవచము అను పథకమును ప్రారంభించి, వారికి భద్రమైన త్రాళ్లు, నడికట్టు మొదలగు పరికరములు పంచుటకు పూనుకొన్నది. చెట్టెక్కువాని దేహమును చెట్టుతో వీడకుండ బంధించుటయే దాని సారము.

మోటారు రంపము పట్టువానికి ఇంకొక మెట్టు కావలెను. గొలుసు పొరపాటున తాకినచో ఎంతటి త్రాడైనను క్షణములో తెగును. కావున రంపము నడపునప్పుడు రెండు బంధములు ఉండవలెను: పైనున్న గట్టి కొమ్మ నుండి వచ్చు త్రాడు ఒకటి, నడుము నుండి మ్రాను చుట్టును తిరుగు పట్టీ మరొకటి. ఈ పట్టీ లోపల ఉక్కుతీగ యున్నది మేలు. ఒకటి తెగినను రెండవది నిలుపును. రెండు బంధములు, రెండు చేతులు: ఈ లెక్క సరిపోయిన తరువాతనే రంపము నడువవలెను.

తక్కిన అలవాట్లు దీని వెంట వచ్చును. రంపమును చేత పట్టుకొని చెట్టెక్కరాదు. పైన స్థిరపడిన పిమ్మట త్రాటితో పైకి లాగుకొనవలెను. కొమ్మ మారునప్పుడెల్ల బ్రేకు వేయవలెను. భుజముకంటె ఎత్తున కోయరాదు. పెద్ద కొమ్మను ముందుగా అడుగున కొంత కోసి, పిదప పైనుండి కోసినచో బెరడు చీలి కొమ్మ మీదికి రాదు. తుపానుకు వంగి చిక్కుకొన్న కొమ్మ బిగించిన విల్లు వంటిది. అది ఏ వైపు ఎగురునో చూచుకొనక కోయరాదు. పెట్రోలు నేల మీదనే, యంత్రము చల్లారిన తరువాతనే పోయవలెను. ఆ దరిదాపుల బీడీ వెలిగింపరాదు. లుంగీ, తువ్వాలు గొలుసులో చిక్కుకొనును. శిరస్త్రాణము, కంటి అద్దములు, చెవులకు రక్షణ కావలెను. ఈ పనికై చేసిన లాగులలో పొడవైన పోగుల పొరలుండును. గొలుసు తాకినచో ఆ పోగులు చిక్కుపడి దానిని ఆపును.

ఇవన్నియు కార్మికుడు తెలిసికొనవలసినవి కదా, మాకేల యని మీరడుగవచ్చును. పని షరతులు నిర్ణయించువారు మీరే. చెట్టుకింత యని గుత్తకిచ్చినచో, త్రాడు కట్టుకొను ప్రతి నిమిషమును కార్మికునికి నష్టమే. రోజు కూలి ఇచ్చినచో జాగ్రత్తకు సమయము దొరకును. జాగ్రత్త చాలవరకు డబ్బు లెక్కలోనే పుట్టును, అందులోనే చచ్చును.

కావున పంచాయతీలు ఈ క్రింది నియమములను తీర్మానముగా చేసికొనవలెనని మనవి చేయుచున్నాము.

మొదటిది, రెండు త్రాళ్లు, శిరస్త్రాణము లేనివానిని చెట్టెక్కనీయరాదు. ప్రతి కార్మికుడును వీటిని కొనలేడు. పంచాయతీయో, రెండు మూడు పంచాయతీలు కలిసియో ఒక జత కొని యుంచవచ్చును.

రెండవది, తీగల చెంత పనియైనచో, ముందుగా విద్యుత్తు శాఖవారి లైన్ క్లియర్ పొందవలెను. ‘కరెంటు పోయినది, కానిమ్ము’ అనుమాట వినరాదు. పోయిన కరెంటు చెప్పక వచ్చును.

మూడవది, క్రింద ఒక మనిషి కాపలా యుండవలెను. పశువులను, పిల్లలను, వేడుక చూడవచ్చినవారిని దూరముగా నుంచుట అతని పని. అతడును చెట్టెక్కనేర్చి, వేరొక త్రాడు సిద్ధముగా నుంచుకొనవలెను. పైవాడు గాయపడినచో దింపవలసినవాడు అతడే. రక్తము కారుచోట శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టి, 108కి కబురు చేయవలెను.

నాల్గవది, ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనలో ఇట్టి కార్మికులను చేర్పింపవలెను. 18 నుండి 70 సంవత్సరముల వయస్సు గలవారికి ఏటికి 20 రూపాయలు బ్యాంకు ఖాతా నుండి చెల్లును. ప్రమాదమున మరణించినచో కుటుంబమునకు 2 లక్షల రూపాయలు అందును.

ఐదవది, చెట్టునే కూల్చవలసి వచ్చినచో 2002 నాటి వాల్టా చట్టము ప్రకారము కావలసిన అనుమతి ముందే పొందవలెను. అనుమతికై ఆగిన దినములలో చెట్టును చక్కగా పరీక్షింపవచ్చును. మ్రాను బోలుపడినదా? కొమ్మలలో తేనెపట్టు కలదా? ఎండుకొమ్మ ఎచ్చట వ్రేలాడుచున్నది? ఎక్కిన తరువాత తెలిసికొనుటకంటె ఎక్కకముందు తెలిసికొనుట మేలు.

ఈ నియమములకు పెద్ద ఖర్చు లేదు. కొన్ని త్రాళ్లు, ఒక టోపీ, అరపూట ఆలస్యము, ఇరువది రూపాయలు. ఊరికి నీడనిచ్చు చెట్టు ఊరి మనిషిని పొట్టన పెట్టుకొనకుండ చూచుట ఊరి పెద్దల ధర్మము. వచ్చు పంచాయతీ సమావేశమున ఈ విషయము చర్చకు రాగలదని ఆశించుచు సెలవు తీసికొనుచున్నాము.