బొమ్మల దస్త్రం: పిల్లల చదువు, ఇంటివారి బాధ్యత
(సంఘ వార్షిక సమావేశంలో విద్యా ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏడాది ఈ సమావేశంలో మా ఉపసంఘం ఇంజనీరింగు సీట్ల గురించి, నీట్ పరీక్ష గురించి, ఫీజుల సహాయం గురించి మీకు మనవి చేస్తూ వచ్చింది. ఈసారి మరో విషయం ఎత్తుకున్నాము. చిత్రకళలోనో, డిజైనులోనో పై చదువుకు దరఖాస్తు పెట్టే పిల్లలు తమ పనిని కంప్యూటరులో పొందుపరచి పంపవలసిన దస్త్రం ఒకటి ఉంటుంది. దానిని పోర్ట్‌ఫోలియో అంటారు. "బొమ్మలు గీసేవాళ్ళకు కూడా ఒక ప్రసంగమా?" అని మీలో కొందరు అనుకోవచ్చును. మేమూ మొదట అట్లాగే అనుకున్నాము. మా అభిప్రాయం ఎందుకు మారిందో చెప్పటానికే ఇప్పుడు నిలబడ్డాము.

1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైనప్పుడు అక్కడ రాళ్ళగుట్టలు, తుప్పలు ఉండేవి. నేడు హైటెక్ సిటీ నుంచి గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ దాకా అద్దాల మేడలే. మన ఇండ్ల పిల్లలు చాలామంది పొద్దున బోరబండలోనో, లింగంపల్లిలోనో రైలెక్కి అక్కడికే పోతున్నారు. వారందరూ ప్రోగ్రాములు రాసేవారు కారు. ఫోను తెరమీద బటన్ ఎక్కడుండాలి, ఏ రంగులో ఉండాలి, అక్షరం ఎంత సైజులో ఉండాలి అని నిర్ణయించే పని చేసేవారూ ఉన్నారు. నాలుగైదేళ్ళు ఆ పని చేశాక వారిలో కొందరికి "ఇంకా చదువుకోవాలి, సొంతంగా ఏదైనా చేయాలి" అనిపిస్తున్నది.

చదువుకొనే చోట్లు కూడా దూరమేమీ కాదు. గచ్చిబౌలిలోని హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో సరోజినీ నాయుడు పేరిట ఉన్న కళాశాలలో పెయింటింగు, ప్రింట్‌మేకింగు, శిల్పం వంటి విభాగాలలో ఎం.ఎఫ్.ఏ. ఉన్నది. మాదాపూర్‌లోనే 1995లో మొదలైన నిఫ్ట్ ఉన్నది. మాసబ్ ట్యాంకు దగ్గర జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం ఉన్నది. సంగారెడ్డి జిల్లా కందిలోని ఐ.ఐ.టి.లో డిజైను శాఖ ఉన్నది. అందులో ఎం.డెస్. చదవాలంటే సీడ్ అనే పరీక్ష రాయాలి. ప్రవేశ పద్ధతులు చోటుచోటుకూ వేరు, ఏడాదికేడాది మారుతుంటాయి గనుక ఆ ఏటి ప్రకటన చదవకుండా ఎవరి మాటా నమ్మవద్దు. అయితే మార్కుల పట్టీ ఒక్కదానితో పని జరిగే చదువులు ఇవి కావన్నది మాత్రం అన్నిచోట్లా ఒకటే. పిల్లవాడు చేసిన పని కళ్ళతో చూసి నిర్ణయిస్తారు. విదేశాలలో ఎం.ఎఫ్.ఏ.కు అయితే పోర్ట్‌ఫోలియోయే ప్రాణం.

ఈ పద్ధతి కొత్తది కాదు. ఇదివరలో పెద్ద అట్ట సంచిలో అసలు బొమ్మలు మోసుకుపోయేవారు. దూరదేశాలకైతే 35 మిల్లీమీటర్ల స్లైడులు తీయించి పోస్టులో పంపేవారు. అక్కడివారు చీకటి గదిలో ప్రొజెక్టరు పెట్టి చూసేవారు. ఆ ప్రొజెక్టర్ల తయారీని కొడాక్ కంపెనీ 2004లో ఆపేసింది. ఇప్పుడు అదంతా ఇంటర్నెట్టు ద్వారా నడుస్తున్నది. కవరు మారింది, లోపలి ఉత్తరం మారలేదు. ఈ ఒక్క మాట మనసులో పెట్టుకుంటే మేము చెప్పబోయేదంతా తేలికగా అర్థమవుతుంది.

మన సంఘ కుటుంబాలలో ఒక అమ్మాయి సంగతి చెబుతాము. పేరు చెప్పము, ఆమె అనుమతితోనే చెబుతున్నాము. తండ్రి బోర్డులు రాసే పెయింటరు. సంగారెడ్డి వైపు నుంచి వచ్చి బోరబండలో స్థిరపడ్డారు. తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు మూడింటిలోనూ ఆయన చేతి అక్షరం చూడముచ్చటగా ఉంటుంది. ఫ్లెక్సీలు వచ్చిన తరువాత ఆ పని పడిపోయింది. అరపూటలో అచ్చయి వచ్చే ఫ్లెక్సీతో చేతి బ్రష్షు పోటీ పడలేదు కదా! ఆయన ఇండ్లకు సున్నాలు, రంగులు వేసి పిల్లలను చదివించారు. అమ్మాయి బి.ఎఫ్.ఏ. చేసి హైటెక్ సిటీలో ఒక కంపెనీలో కుదురుకున్నది. ఆ జీతంతోనే ఇల్లు నడుస్తున్నది.

ఆ అమ్మాయి నిరుటి ఏడు మూడు విద్యాలయాలకు దరఖాస్తు పెట్టింది. మూడింటి నుంచీ కాదనే జవాబే వచ్చింది. అప్పుడు మా దగ్గరకు వచ్చి, "అంకుల్, నాలో తప్పేంటో చెప్పేవాళ్ళే లేరు" అన్నది. ఆ మాటకు మేము తల దించుకున్నాము. ఇంజనీరింగు పిల్లలకు దారి చెప్పటానికి వందమంది ఉన్నారు, ఈ అమ్మాయికి ఒక్కరూ లేరు.

చిత్రకళ బోధించిన ఒక పెద్దమనిషిని బతిమాలి తీసుకువచ్చి ఆమె పంపిన దస్త్రాన్ని చూపించాము. అందులో 34 పేజీలు. అన్నీ ఆఫీసులో చేసిన యాప్ తెరలు, ప్రకటనలు, లోగోలు. ఎంతో శుభ్రంగా ఉన్నాయి. ఆయన అన్నీ చూసి ఒకటే ప్రశ్న అడిగారు: "అమ్మా, ఇందులో నువ్వెక్కడున్నావు?"

అంతకన్నా పెద్ద చిక్కు ఇంకొకటి బయటపడింది. ఉద్యోగంలో భాగంగా చేసిన పనికి, వేరే ఒప్పందం ఏదీ లేకపోతే, మొదటి హక్కుదారు యజమానే అని 1957 నాటి కాపీరైట్ చట్టం చెబుతున్నది. పైగా బయటపెట్టము అని ఉద్యోగంలో చేరేనాడు సంతకం పెట్టిన కాగితం ఉండనే ఉన్నది. అంటే ఆమె తనది కాని సొమ్మును తన పెట్టెలో పెట్టుకొని పోయిందన్నమాట. తెలియక చేసిన పనే, కాని ఉద్యోగానికే ముప్పు వచ్చేది. ఐ.టి. దారిలో పనిచేసే పిల్లలందరికీ ఇది మా మొదటి హెచ్చరిక: ఆఫీసు పని చూపదలిస్తే ముందు రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. జట్టుగా చేసిన పనిలో మీ వంతు ఎంతో నిజం చెప్పండి. కంప్యూటరు తనంతట తాను తయారుచేసే కృత్రిమ మేధ బొమ్మలు వాడితే అదీ దాచకండి.

"మరి నా సొంతవి ఏమున్నాయి?" అని అమ్మాయి కన్నీళ్ళు పెట్టుకున్నది. వారి ఇంటికి వెళ్ళాము. మంచం కింద ఒక ట్రంకు పెట్టె ఉన్నది. అందులో ఆమె చిన్ననాటి నుంచి తండ్రి పక్కన కూర్చుని రాసిన అక్షరాలు, పెళ్ళి రుఖాల కోసం వేసిన అంచులు, ఎం.ఎం.టి.ఎస్. రైలులో నిద్రపోయే మనుషులను గీసిన నాలుగు నోటు పుస్తకాలు కనబడ్డాయి. మాతో వచ్చిన పెద్దమనిషి నేలమీద కూర్చొని ఒక్కొక్కటే తిరగేయసాగారు. తండ్రి సిగ్గుపడి, "సార్, గివి గూడ బొమ్మలేనా? నాలుగు పైసల కోసం రాసిన బోర్డులు గివి" అన్నారు.

మేము ఆయనకు చెప్పినదే మీకూ చెబుతున్నాము. ఎం.ఎఫ్. హుస్సేన్‌గారు యౌవనంలో బొంబాయిలో సినిమా హోర్డింగులు రాసి పొట్టపోసుకున్నారు. 1937లో అలీగఢ్‌లో పుట్టిన జరీనా గణితంలో డిగ్రీ చదివి, తరువాత చెక్క అచ్చుల పని నేర్చుకొని, పోగొట్టుకున్న ఇంటిని గురించి 1999లో 36 అచ్చుబొమ్మల వరుస ఒకటి చేశారు. ఒక్కొక్క బొమ్మ కింద ఒక ఉర్దూ మాట ఉంటుంది. గుమ్మం, గోడ, వాకిలి వంటి మామూలు మాటలే. ఆ పనిని ఈనాడు పెద్ద మ్యూజియములు భద్రపరచుకున్నాయి. ఇంటి మాట, ఇంటి చెయ్యి కళకు పనికిరావనుకోవటం మన అజ్ఞానమే.

ఆ తరువాత ఎనిమిది నెలలు పని జరిగింది. మేము నేర్చుకున్నవి ఇతర పిల్లలకు పనికివస్తాయని వివరంగా చెబుతున్నాము.

మొదటిది, ఏరివేత. చాలాచోట్ల 10 నుంచి 20 బొమ్మల వరకు అడుగుతారు. ఇరవై అన్నారని ఇరవై నింపనక్కరలేదు. పన్నెండు గట్టివి ఉంటే పన్నెండే చాలును. ఒక్క బలహీనమైన బొమ్మ పక్కనున్న రెండు మంచివాటిని కూడా దించేస్తుంది. అన్నింటికంటె బలమైనది మొదట, దాని తరువాతది చివర పెట్టాలి. డిజైను చదువులకైతే పూర్తయిన పని ఒక్కటే చాలదు. మొదటి గీతలు, చెడిపోయిన ప్రయత్నాలు, ఎందుకు మార్చామో కూడా చూపాలి.

రెండవది, ఫోటో. ఖరీదైన కెమెరా అవసరం లేదు. మంచి ఫోను చాలును. బొమ్మకు అద్దం ఉంటే తీసేయాలి. ఫ్లాషు వెయ్యరాదు. ముఖాలకు నునుపు పెట్టే సదుపాయాలన్నీ ఆపేయాలి. ఎండ నేరుగా పడని చోట, పగటి వెలుతురులో బొమ్మను గోడకు నిటారుగా నిలబెట్టి, ఫోనును దానికి సమానంగా పట్టుకోవాలి. మరీ దగ్గరకు పోతే అంచులు ఉబ్బుతాయి. నాలుగడుగులు వెనక్కు జరిగి జూమ్ చేయాలి. ఈ అమ్మాయి డాబామీద నీళ్ళ ట్యాంకు నీడలో, ఒక పక్క తెల్ల థర్మోకోల్ అట్ట పెట్టి వెలుతురు సర్దుకొని తీసింది. నిరుడు ట్యూబులైటు కింద తీసిన ఫోటోలలో పచ్చగా కనబడిన తెలుపు ఈసారి తెలుపుగానే వచ్చింది.

మూడవది, ఫైలు. తెరమీద చూసేదానికి డీపీఐ లెక్క కాదు, పిక్సెళ్ళ లెక్క ముఖ్యం. ఎన్ని పిక్సెళ్ళు, ఎంత బరువు అన్నది విద్యాలయమే చెబుతుంది. అంతకు మించరాదు. వేరేగా చెప్పనిచోట జేపెగ్ ఫైలు, ఎస్‌ఆర్‌జీబీ రంగు పద్ధతి వాడితే ఎక్కువ తెరలమీద రంగులు సరిగా వస్తాయి. ప్రతి బొమ్మకు పేరు, చేసిన సంవత్సరం, దేనితో చేశారు, ఎత్తు వెడల్పు ఎన్ని సెంటీమీటర్లు అన్నవి రాయాలి. తెరమీద గోడంత బొమ్మ, పోస్టుకార్డంత బొమ్మ ఒకటిగానే కనబడతాయి కదా! అన్నీ మూడుచోట్ల దాచుకోవాలి: కంప్యూటరులో ఒకటి, విడి డిస్కులో ఒకటి, ఇంటర్నెట్టులో ఒకటి. పంపేముందు తక్కువ ధర ఫోనులో కూడా తెరిచి చూసుకోవాలి.

నాలుగవది, తన పనిని గురించి రాసే వాక్యాలు. ఇంగ్లీషులో పెద్ద పెద్ద మాటలు ఏరుకొని రాసినది ఎవరికీ ఎక్కదు. ముందు తెలుగులోనో ఉర్దూలోనో అమ్మకు అర్థమయ్యేట్టు రాసి, తరువాత ఇంగ్లీషులో పెట్టమన్నాము. ఆ అమ్మాయి మొదటి వాక్యం ఇట్లా వచ్చింది: "మా అబ్బా సుద్దలో ముంచిన దారాన్ని గోడకు బిగించి గీత కొట్టేవారు, ఆ రెండో కొస పట్టుకోవటం నా మొదటి ఉద్యోగం." ఇంతకంటె ఎవరు బాగా రాయగలరు?

అయిదవది, గడువు. అమెరికాలో రాత్రి 11 గంటల 59 నిమిషాలకు గడువు అంటే, చలికాలంలో న్యూయార్కు లెక్కన మనకు మరునాటి ఉదయం 10 గంటల 29 నిమిషాలు. కాని ఆఖరి గంట దాకా ఆగవద్దు. వారం ముందే పంపండి. సిఫారసు ఉత్తరాలు ఇచ్చే గురువులను రెండు నెలల ముందే అడగండి.

ఇవన్నీ పిల్లలు చేసుకొనే పనులు. ఇంటివారు చేయవలసినది వేరే ఉన్నది. ఆ అమ్మాయికి రాత్రి ఎనిమిదికి ఆఫీసు నుంచి రావటం, వంటలో సాయం, తమ్ముడి చదువు చూడటం, ఆపైన సంబంధాల మాటలు. ఎనిమిది నెలల్లో ఆమె అడిగినది ఒక్కటే: ఆదివారం పొద్దున నాలుగు గంటలు ఎవరూ పిలవకుండా ఉండటం. తల్లి ఆ నాలుగు గంటలు కాపలా కాసింది. చుట్టాలు వస్తే వాకిట్లోనే కూర్చోబెట్టి చాయ్ ఇచ్చింది. తండ్రి పన్నెండేళ్ళ తరువాత బ్రష్షు పట్టి, పాత షట్టరు రేకుమీద కూతురితో కలిసి మూడు భాషలలో ఒక బోర్డు రాశారు. ఆమె దస్త్రంలో మొదటి బొమ్మ అదే. దాని కింద ఇద్దరి పేర్లూ ఉన్నాయి.

ఫలితం ఏమైందని అడుగుతారు. ఈసారి నాలుగుచోట్ల పెట్టింది. రెండుచోట్ల కాదన్నారు. ఒకచోట మాట్లాడటానికి పిలిచారు, జవాబు రావలసి ఉన్నది. ఒకచోట సీటు ఇచ్చారు, డబ్బు సహాయం మాత్రం సగమే ఇస్తామన్నారు. మిగతా సగం కోసం జీతం వదులుకొని, అప్పు చేసి పోవచ్చునా అన్నది ఆ ఇంట్లో ఇంకా తేలలేదు. ఆ అమ్మాయి పోతే నెల గడిచేదెట్లా అని తండ్రి అడిగిన ప్రశ్న న్యాయమైనదే. మేము తేలికపాటి ధైర్యాలు చెప్పదలచుకోలేదు. మైనారిటీ విద్యార్థులకు రాష్ట్ర ప్రభుత్వపు విదేశీ విద్యా స్కాలర్‌షిప్పు పథకం ఉన్నది. ఏ కోర్సులకు, ఎంత ఆదాయం వరకు వర్తిస్తుందో మైనారిటీ సంక్షేమ శాఖ కార్యాలయంలో ముందే కనుక్కొని, ఆ తరువాతే లెక్క వేసుకోవాలి.

మా ఉపసంఘం మీ ముందు ఒక చిన్న కోరిక పెడుతున్నది. సంఘ కార్యాలయంలో వెనుక గది ఖాళీగా ఉన్నది. అందులో ఒక పెద్ద బల్ల, రెండు దీపాలు, ఒక కంప్యూటరు, ఒక తెల్ల గోడ ఏర్పాటు చేయండి. ఆదివారం నాలుగు గంటలు ఆ గది బొమ్మలు వేసే పిల్లలది. నెలకు ఒకసారి తెలిసినవారు ఎవరైనా వచ్చి వారి పని చూసి, ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. ఖర్చు పెద్దది కాదు. "తప్పేంటో చెప్పేవాళ్ళే లేరు" అన్న మాట మన సంఘంలో ఇంకో పిల్ల నోట రాకూడదు.

ఇండ్లకు వెళ్ళాక మంచాల కిందనున్న ట్రంకు పెట్టెలు ఒకసారి తెరిచి చూడండి. అందులో ఏమున్నదో మీ పిల్లలనే అడగండి.