చుట్టరికం మీద అనుమానం

నేర పరిశోధనలో డీఎన్ఏ వాడకం పెద్ద విషయం. పుదుచ్చేరి పరిధిలోని యానాం ఫరంపేటలో ఈ స్మారకోపన్యాసానికి అందులోంచి ఒక్క పద్ధతినే తీసుకుంటాను. నేరం జరిగినచోట దొరికిన డీఎన్ఏ రికార్డుల్లో ఉన్న ఎవరితోనూ పూర్తిగా సరిపోనప్పుడు, కొంతవరకు కలిసిన నమూనా ఎవరిదో చూసి, ఆ మనిషి తండ్రినో కొడుకునో అన్నదమ్ములనో ఆరా తీస్తారు. దీన్ని కుటుంబ డీఎన్ఏ వెతుకులాట అందాం. తెలుగునేల మీద ఇది మిగతాచోట్ల కన్నా ప్రమాదకరమని నా వాదన. మన పెళ్లిళ్ల తీరు దాని లెక్కను బలహీనపరుస్తుంది. మన పోలీసు చరిత్ర దాని దెబ్బ కొన్ని కులాల మీదే పడేలా చేస్తుంది.

ఈ పద్ధతి వల్ల మేలు జరగలేదని నేను అనను. లాస్ ఏంజిలస్‌లో 1985 నుంచి వరసగా స్త్రీలను చంపిన హంతకుడు 2010లో దొరికింది కొడుకు నమూనా వల్లే. ఫ్రాన్సులో 2002లో జరిగిన ఒక యువతి హత్య దాదాపు పదేళ్లు తేలలేదు. చివరికి ఒక తండ్రి నమూనా రికార్డుల్లో ఉండడంతో, అప్పటికే చనిపోయిన అతని కొడుకు పేరు బయటికొచ్చింది. ఆ కుటుంబాలకు ఇన్నేళ్ల తర్వాతైనా జవాబు దొరకడం చిన్న సంగతి కాదు. అయితే ఒకప్పటి పాలన వల్ల యానాం వాళ్లకు బాగా తెలిసిన ఆ ఫ్రాన్సే ఇంత ఫలితం చూశాక కూడా దీన్ని పోలీసుల ఇష్టానికి వదల్లేదు. 2016లో చట్టం చేసి, తీవ్రమైన నేరాలకే, ప్రాసిక్యూటరో దర్యాప్తు న్యాయమూర్తో కోరితేనే, అదీ తాత తండ్రి కొడుకు లాంటి నేరు వరస చుట్టాలకే పరిమితం చేసింది. మనకు ఇలాంటి గీత ఒక్కటీ లేదు.

లెక్క ఎక్కడ బలహీనమో చూద్దాం. రెండు నమూనాలు కొంత కలిసినప్పుడు శాస్త్రజ్ఞులు ఒక నిష్పత్తి కడతారు: ఆ ఇద్దరూ అన్నదమ్ములైతే ఇంతగా కలిసే అవకాశమెంత, ఏ సంబంధమూ లేనివాళ్లైతే ఎంత అని. ఈ రెండో అంకె జనం విస్తారంగా కలిసిపోయి పెళ్లిళ్లు చేసుకుంటారన్న ఊహ మీద నిలబడుతుంది. మన దగ్గర ఆ ఊహ నిలవదు. హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రజ్ఞుడు కుమారస్వామి తంగరాజ్, ఆయన సహచరులు 2017లో ప్రచురించిన పరిశోధన దక్షిణాసియాలో 260కి పైగా సమూహాలను పరిశీలించింది. వాటిలో 81 కొద్దిమంది పూర్వీకుల నుంచే పుట్టుకొచ్చాయనీ, ఆ ఇరుకుతనం ఫిన్లాండ్ జనంలో కన్నా ఎక్కువనీ తేల్చింది. మన వైశ్యుల్లో, మత్తు ఇచ్చేటప్పుడు వాడే కొన్ని కండరాల సడలింపు మందులు పడని జన్యులోపం ఎక్కువగా కనిపించడానికి మూలం ఇదే. దీనికి మేనరికాలు తోడు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 2019-21లో ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన ప్రతి నలుగురు స్త్రీలలో సుమారు ఒకరు రక్తసంబంధీకుణ్ని చేసుకున్నవారే. మేనమామను చేసుకున్న ఆడపిల్ల కొడుక్కి కన్నతండ్రే తల్లి వైపు నుంచీ చుట్టం. ఇలాంటి సమూహంలో ఏ సంబంధమూ లేదనుకున్న ఇద్దరి నమూనాలు కూడా దగ్గరగా కనిపిస్తాయి. నిజమైన అన్నదమ్ములతో పాటు ఒక వాడంతా జాబితాలోకి వస్తుంది. వై క్రోమోజోమ్‌తో వడపోస్తే సరిపోతుందంటారు. అది తండ్రి నుంచి కొడుక్కి, అంటే ఇంచుమించు ఇంటిపేరు వెంట నడుస్తుంది. ఒకే ఇంటిపేరున్న యాభై గడపల ఊళ్లో అది వడపోసేదేముంటుంది? పైగా చుట్టరికాలు సరిహద్దులు చూడవు. యానాంలో ఉన్న మనిషి మద్రాసు హైకోర్టు పరిధిలో ఉంటే, గోదావరి దాటి ఎదుర్లంకలో ఉన్న అతని మేనబావ ఆంధ్రప్రదేశ్ హైకోర్టు పరిధిలో ఉంటాడు. ఒకరి నమూనా పట్టుకుని రెండో వాళ్ల ఇంటికి వెళ్లినప్పుడు ఎవరు ఎవరికి జవాబుదారో ఏ నియమమూ చెప్పదు.

రెండో సంగతి నన్ను ఇంకా కలవరపెడుతుంది. నమూనాల నిల్వలో ముందుగా చేరేది ఎవరు? పోలీసులు తరచుగా పట్టుకునేవాళ్లు. వాళ్ల రికార్డు ద్వారా వాళ్ల పిల్లలు, తమ్ముళ్లు జీవితాంతం అనుమానితులవుతారు. ఈ ఆలోచన మనకు కొత్త కాదు. బ్రిటిష్ కాలపు నేరస్థ తెగల చట్టం కింద ఎరుకల వాళ్లను పుట్టుకతోనే నేరస్థులుగా నమోదు చేశారు. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం ఆ చట్టం నీడలో వెలసిన ఊరే. 1952లో చట్టం రద్దయినా ఊరిపేరు చెబితే చూపు మారే రోజులు చాలాకాలం నడిచాయి. అప్పుడు కులం రిజిస్టరు చేసిన పనిని ఇప్పుడు ప్రయోగశాల నివేదిక చేస్తే దానికి శాస్త్రం ముద్ర కూడా పడుతుంది. డీఎన్ఏ వాడకాన్ని నియంత్రించడానికి తెచ్చిన డీఎన్ఏ బిల్లు మీద 2021లో పార్లమెంటు స్థాయీ సంఘం నివేదిక ఇచ్చినప్పుడు హైదరాబాద్ ఎంపీ అసదుద్దీన్ ఒవైసీ, అప్పటి సీపీఐ ఎంపీ బినోయ్ విశ్వం అసమ్మతి పత్రాలు జతచేశారు. వాళ్ల రాజకీయాలు ఎవరికి నచ్చినా నచ్చకపోయినా కొన్ని వర్గాలే దీనికి గురవుతాయన్న వాళ్ల భయం వాస్తవమైనది.

తప్పు చెయ్యనివాడికి భయమెందుకు, పరీక్ష అతన్ని విడుదల చేస్తుంది కదా అంటారు. 2014లో న్యూ ఆర్లీన్స్‌లో ఒక సినిమా దర్శకుడు, తన తండ్రి ఎప్పుడో వంశ పరిశోధన కోసం ఇచ్చిన నమూనా కారణంగా ఐడహో హత్య కేసులో అనుమానితుడయ్యాడు. పరీక్షలో నిర్దోషి అని తేలేదాకా మెడ మీద కత్తితోనే ఉన్నాడు. మన ఊళ్లో పోలీసు జీపు ఒకసారి గుమ్మం ముందు ఆగితే కుదిరిన సంబంధం తప్పిపోతుంది. ఆ నష్టాన్ని ఏ నివేదికా పూడ్చదు. పైగా ఇద్దరు అన్నదమ్ములకు తండ్రి ఒకరు కాదన్న సంగతి ఎవరూ అడక్కుండానే బయటపడవచ్చు. పిల్లల జన్యు సమాచారాన్ని అలవోకగా బయటపెట్టరాదని సుప్రీంకోర్టు 2023లో, అదీ తల్లిదండ్రుల మధ్య వ్యాజ్యంలోనే చెప్పింది. కుటుంబ వెతుకులాటలో తేలేది సాక్ష్యం కాదు, ఆచూకీ మాత్రమే అన్న వాదన కూడా నన్ను ఒప్పించదు. 2007లో విజయవాడ దగ్గరి ఇబ్రహీంపట్నంలో జరిగిన ఫార్మసీ విద్యార్థిని హత్య కేసు కుటుంబ వెతుకులాట కేసు కాదు. అయినా డీఎన్ఏ సరిపోయిందన్న మాటకు ఉన్న బలం అందులో చూశాం. దోషిగా శిక్షపడిన యువకుణ్ని 2017 మార్చి 31న హైకోర్టు నిర్దోషిగా వదిలేసరికి ఎనిమిదేళ్లకు పైగా జైల్లో గడిచాయి.

ఇక చట్టం. 2022 నాటి నేర విచారణ గుర్తింపు చట్టం జీవ నమూనాలు తీసుకోనిస్తుంది, రికార్డును 75 ఏళ్లు ఉంచనిస్తుంది. వాటిలో చుట్టాల కోసం వెతకవచ్చో కూడదో మాత్రం చెప్పదు. డీఎన్ఏ బిల్లును 2023 జులైలో ప్రభుత్వం వెనక్కి తీసుకుంది. చట్టం మౌనంగా ఉన్నచోట పోలీసు దాన్ని అనుమతిగా చదువుకుంటాడు. పార్లమెంటు స్పష్టంగా అనుమతించేదాకా ఈ వెతుకులాట జరగకూడదు. అనుమతిస్తే హత్య, అత్యాచారం లాంటి నేరాలకే, మిగతా దారులన్నీ మూసుకుపోయాక, న్యాయమూర్తి రాతపూర్వక ఉత్తర్వుతోనే జరగాలి. మన సమూహాల మీద లెక్క సరిచూసినట్టు ముందే రుజువు చెయ్యాలి. సంబంధం లేదని తేలిన చుట్టం వివరాలు చెరిపెయ్యాలి. ఈ సభలో ఉన్న న్యాయవాదులకు నా విన్నపం: కొత్త బిల్లు వచ్చిన రోజున ఈ షరతులు అందులో ఉన్నాయో లేదో ముందుగా చదివి, లేకపోతే పుదుచ్చేరి ఎంపీకి రాతపూర్వకంగా తెలియజెయ్యండి.